మోకాలి లోతు ఉపన్యాసం

అనగనగా ఒక దీవి. అడవి కథే కావాలని పేచీ పెట్టేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఈ దీవిలో అడవి కూడా ఉంది, కాకపోతే చిన్నది. చుట్టూ సముద్రం. ఎటు చూసినా నీళ్ళే గానీ తాగడానికి చుక్క పనికిరాదు. అందుకని అక్కడి జంతువులన్నీ ఒకే ఒక్క చెలమ మీద బతికేవి. చెలమ అంటే ఏంటంటారా? ఇసుకలో గుంట తవ్వితే అడుగు నుంచి మంచినీళ్ళు ఊరతాయి చూడండి, అదే. మరి సముద్రం పక్కనే తియ్యటి నీళ్ళెలా నిలిచాయి? మధ్యలో పెద్ద ఇసుక దిబ్బ అడ్డంగా ఉండేది. దాని నిండా ఊదాపూల తీగ అల్లుకుని ఉండేది. అల ఎంత ఎగిరిపడ్డా ఆ దిబ్బ దాటి రాలేకపోయేది. ఈ దిబ్బని గుర్తుపెట్టుకోండి. దీనితో పనుంది.

ఆ దీవిని ఏలేది ఒక గూడకొంగ. గూడకొంగకి ముక్కు కింద పెద్ద సంచీ వేలాడుతుంటుంది, మీ తాతయ్య కూరల సంచీ అంత. ఈ గూడకొంగ పేరు బుంగరాజు. అందరూ "బుంగరాజు గారూ" అని పిలిచేవాళ్ళు. ఆయన మాట తేనె. గొంతు సవరించుకుని "నా ప్రియమైన దీవి ప్రజలారా!" అన్నాడంటే చాలు, వినేవాళ్ళకి సగం కడుపు నిండిపోయేది. మిగతా సగం ఎలా నింపుకోవాలో ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

అడగడానికి చోటు లేదా అంటే, భేషుగ్గా ఉంది. నీటి అంచున ఒక నల్లటి రాయి. దాన్ని అడిగే రాయి అనేవాళ్ళు. పూర్వం పెద్దలు ఒక కట్టుబాటు పెట్టి పోయారు. ప్రతి పున్నమి నాడు పొద్దున్నే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, కష్టం ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ రాయి ఎక్కి ఏలేవాణ్ణి అడగొచ్చు. నెలకి ఒక్కళ్ళు, ఒక్కటే ప్రశ్న. అడిగినవాళ్ళు రాయి దిగేదాకా ఏలేవాడు ఎదురుగా నిలబడి జవాబు చెప్పాలి. చోటు కదలకూడదు. మెతుకు ముట్టకూడదు. రాయి దిగితే మాత్రం ప్రశ్న అయిపోయినట్టే. మళ్ళీ పున్నమి దాకా నోరెత్తడానికి లేదు.

మంచి కట్టుబాటే కదా? బుంగరాజు దానికో కిటుకు కనిపెట్టాడు. జవాబు చెప్పడు. చెప్పనని కూడా అనడు. మాట్లాడుతూ ఉంటాడు, అంతే. ఆయన మాట్లాడుతుంటే ఈలోగా పోటు మొదలవుతుంది. సముద్రం మెల్లగా పైకొస్తుంది. రాయి మీద ఉన్నవాళ్ళ పాదాలు తడుస్తాయి, తర్వాత చీలమండలు, తర్వాత మోకాళ్ళు. ప్రాణం మీద తీపి ఉన్నవాళ్ళు ఎంతసేపు నిలబడతారు? దిగిపోతారు. బుంగరాజు తడిసేవాడు కాదు, ఎందుకంటే రాయికెదురుగా ఎత్తైన ఇసుక తిన్నె ఒకటి కొత్తగా కట్టించుకుని దాని మీద నిలబడేవాడు.

ఆ, ఆ వెనకాల ఎవరో చెయ్యెత్తుతున్నారు. నీకు తెలిసిపోయిందా? తెలిస్తే నోరు మూసుకుని కూర్చో. మిగతావాళ్ళ సరదా పాడుచెయ్యకు.

ఇంకా విడ్డూరం వినండి. దీవి జనానికి ఆ ఉపన్యాసాలంటే ఎంత మోజంటే, వాటికి కొలత కూడా పెట్టుకున్నారు. రాయి మీదున్నవాళ్ళకి నీళ్ళు ఎంతదాకా వస్తే ఉపన్యాసం అంత గొప్పది! "పోయిన నెల చీలమండ లోతే చెప్పారు, ఈసారి మోకాలి లోతు చెప్పారు, ఆహా!" అని చప్పట్లు కొట్టి, ముచ్చట్లాడుకుంటూ ఇళ్ళకి పోయేవాళ్ళు. ప్రశ్న ఏమైందో ఒక్కళ్ళకీ గుర్తుండేది కాదు. అంత తెలివైనవాళ్ళన్నమాట.

ఇలా ఉండగా చెలమ నీళ్ళు ఉప్పనయ్యాయి. మొదట కొంచెం. తర్వాత ఇంకొంచెం. చూస్తే దిబ్బ లేదు! అది ఉన్నచోట మీ అరచేతిలా చదునుగా ఉంది. పోటొచ్చినప్పుడల్లా సముద్రం తిన్నగా చెలమ దాకా వచ్చి పలకరించి పోతోంది.

మొదటి పున్నమికి నూకాలు అనే మేక రాయెక్కింది. నూకాలు అంటే భయం భక్తీ లేనిది, కొమ్ములున్నది.

"బుంగరాజు గారూ, చెలమ పక్కన దిబ్బ ఉండాలి. ఎక్కడికి పోయిందండీ?" అని అడిగింది.

"చక్కటి ప్రశ్న!" అన్నాడు బుంగరాజు. "నూకాలమ్మ లాంటి ఆడపడుచులు ఉండబట్టే ఈ దీవి ఇలా వెలిగిపోతోంది. దిబ్బ గురించి చెప్పాలంటే ముందు ఇసుక గురించి చెప్పాలి. ఇసుక గురించి చెప్పాలంటే మా ముత్తాత గురించి చెప్పాలి..."

ముత్తాత పుట్టాడు, పెరిగాడు, ఈత నేర్చుకున్నాడు. ముత్తాత పెళ్ళయ్యేసరికి నీళ్ళు నూకాలు మోకాళ్ళ దాకా వచ్చాయి. మేకకి నీళ్ళంటే ఎంత అసహ్యమో మీకు తెలుసుగా. ఒక్క గెంతు గెంతి ఒడ్డున పడింది. "మోకాలి లోతు!" అని అందరూ చప్పట్లు కొట్టారు. మేక కూడా కొట్టింది, పిచ్చిది.

రెండో పున్నమికి ముత్తెమ్మ అనే కోడి రాయెక్కింది. ముత్తెమ్మ నోట్లో నాలుక లేని మనిషి... అదే, కోడి. తన కోసం అయితే జన్మలో ఎక్కేది కాదు. ఆమెకి ఏడుగురు పిల్లలు. ఉప్పునీళ్ళు తాగలేక కోడిపిల్లలు వాడిపోతున్నాయి.

"అయ్యా, పిల్లలు దాహానికి ఓర్చుకోలేకపోతున్నారు. ఆ దిబ్బ ఏమైందో చెప్పండయ్యా," అంది రెక్కలు దగ్గరికి పెట్టుకుని.

"తల్లి మనసు!" అని బుంగరాజు కళ్ళు తుడుచుకున్నాడు. "తల్లి మనసు గురించి ఈరోజు మాట్లాడుకుందాం..."

చెప్పాడు చెప్పాడు, అందరూ వెక్కివెక్కి ఏడ్చేదాకా చెప్పాడు. కోడి కాళ్ళు ఎంతని? కాసేపటికే ఒక అల వచ్చి ముత్తెమ్మని ఎత్తి ఒడ్డున కుదేసింది. ముక్కులో నీళ్ళు పోయి దగ్గుతూ లేచేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. "ఈసారి కన్నీళ్ళు కూడా వచ్చాయి సుమా!" అని మెచ్చుకుంటున్నారు.

ఇక ముత్తెమ్మ పొరుగింటి సంగతి చెప్పాలి. ఆమె గంప కింద పడుకుంటుందా, ఆ గంప పక్కనే ఇసుకలో ఒక బొరియ. అందులో ఒక పీత. పేరు సింహాద్రి. పేరే అంత, ఆకారం మీ గుప్పిట్లో పడుతుంది. సింహాద్రి ఎవరి జోలికీ పోడు. మంచినీళ్ళతో అతనికి పనే లేదు, ఉప్పునీళ్ళే ఊపిరి. పీతలన్నీ అనుకునేది ఒకటే, "చెలమ గొడవ ఒడ్డువాళ్ళది, మనకెందుకు?" సింహాద్రి కూడా అలాగే అనుకునేవాడు.

కానీ ముత్తెమ్మ ఆఖరి పిల్ల ఉందే, బుల్లి, అది అతన్ని వదిలేది కాదు. పొద్దున లేవగానే బొరియ ముందు కూర్చుని "మాఁవా, మాఁవా" అని అరుపు. అతను బయటికొస్తే వెనకాలే బయల్దేరేది. పీత ఎలా నడుస్తుంది? పక్కకి. చూసి చూసి బుల్లి కూడా పక్కకే నడవడం నేర్చుకుంది! ఆరుగురు పిల్లలు తల్లి వెంట తిన్నగా పోతుంటే ఏడోది అడ్డంగా పోయేది. "నా పిల్లని పాడుచేశావు తమ్ముడూ," అని ముత్తెమ్మ నవ్వుతూ తిట్టేది. సింహాద్రి సిగ్గుపడి ఇసుకలో దూరేవాడు.

మూడో పున్నమికి ఇంకా రెండు రోజులుందనగా బొరియ ముందు "మాఁవా" వినపడలేదు. సింహాద్రి బయటికొచ్చి చూశాడు. బుల్లి గంప పక్కన పడి ఉంది. కళ్ళు తెరవడం లేదు. ముత్తెమ్మ ఆకుల మీది మంచుబొట్లు ముక్కుతో తెచ్చి దాని నోట్లో వేస్తోంది. ఒక్కో బొట్టుకి ఎంత దూరం పోవాలో!

"ఏమైందక్కా?"

"ఏమవుతుంది తమ్ముడూ! రాత్రి నుంచీ లేవడం లేదు. నువ్వొచ్చావని చెప్పినా లేవడం లేదు," అని ముత్తెమ్మ భోరుమంది.

సింహాద్రి గుండె కలుక్కుమంది. బొరియలోకి పోయి చాలాసేపు ఆలోచించాడు. అలాంటి ఆలోచన ఆ దీవిలో ఎవరికీ రాలేదు. రాయి మీద నిలబడినవాళ్ళంతా నీళ్ళకి భయపడి దిగినవాళ్ళు. మరి నీళ్ళకి భయపడనివాడు ఎక్కితే?

భయపడనివాడని అన్నాను గానీ, అతనికీ భయం ఉంది. పోటుతో పాటు పాముచేపలొస్తాయి. పీతలంటే వాటికి జంతికలు. అందుకే పోటు వేళకి పీతలన్నీ బొరియల్లో దాక్కుంటాయి. బయట, అదీ ఉత్త రాయి మీద ఉండేవాళ్ళు ఎవరూ లేరు.

పున్నమి వచ్చింది. సముద్రం వెనక్కి తగ్గింది. సింహాద్రి పక్కపక్కకి నడుచుకుంటూ వచ్చి రాయెక్కాడు. జనం గొల్లుమన్నారు. బుంగరాజు కూడా సంచీ ఊగేలా నవ్వాడు.

"ఏం సింహాద్రీ, నీకేం లోటయ్యా?"

"నాకేం లోటు లేదండి. దిబ్బ ఎక్కడికి పోయిందండి?"

"చక్కటి ప్రశ్న!" అని బుంగరాజు మొదలెట్టాడు. ఈసారి సముద్రపు గాలి గురించి. నీళ్ళు సింహాద్రి కాళ్ళని తాకాయి.

"బాగుందండి. దిబ్బ ఎక్కడుందండి?" అన్నాడు సింహాద్రి.

బుంగరాజు దారి మార్చాడు. "నీలాంటి బుద్ధిమంతుణ్ణి ఇన్నాళ్ళూ గుర్తించలేదు చూడు! ఇవాళ్టి నుంచి నువ్వు నా తీరప్రాంత సలహాదారువి. దిగి వచ్చి పక్కన కూర్చో." జనం "అబ్బో!" అన్నారు. నీళ్ళు సింహాద్రి డొప్ప దాకా వచ్చాయి.

"దండాలండి. దిబ్బ ఎక్కడుందండి?"

బుంగరాజు గొంతు మారింది. "పాముచేపలొచ్చే వేళైంది. చిన్న ప్రాణానివి. నీ మంచికే చెబుతున్నాను."

అప్పటికి సింహాద్రి కళ్ళు రెండే పైకి కనిపిస్తున్నాయి. ఆ రెండు కళ్ళూ ఒకసారి ముత్తెమ్మ వైపు తిరిగాయి. ఆమె రెక్క కింద బుల్లి ఉంది, మెడ వేలాడేసి. మళ్ళీ బుంగరాజు వైపు తిరిగాయి. అల వచ్చింది. కళ్ళు కూడా మునిగిపోయాయి.

"దిగిపోయాడు!" అన్నాడు బుంగరాజు హాయిగా. "సభ ముగిసింది. అందరూ ఇళ్ళకి పదండి."

"ఆగండాగండి," అన్నాడు తాబేలు తాత. దీవి కట్టుబాట్లన్నీ నోటికొచ్చినవాడు ఆయనొక్కడే. "రాయి మునిగితే సభ ముగుస్తుందని పెద్దలు ఎక్కడా అనలేదు. అడిగినవాడు దిగితేనే ముగుస్తుంది. చూసొస్తాను." అని నీళ్ళలో మునిగాడు. తేలి, "ఉన్నాడు," అన్నాడు.

బుంగరాజు ముఖం చూడాలి! అప్పటిదాకా ఎవరికీ తట్టని సంగతి అందరికీ ఒక్కసారిగా తట్టింది. అడిగినవాడు దిగేదాకా అడిగించుకున్నవాడు కూడా కదలడానికి లేదు.

ఎండెక్కింది. చప్పట్లు కొట్టాల్సిన వేళ దాటిపోయింది. ఎప్పుడు కొట్టాలో తెలియక జనం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. బుంగరాజుకి చెప్పడానికి మాటలైపోయాయి. తాత, ముత్తాత, వాళ్ళ మేనత్తలు అందరూ అయిపోయారు. పోటు నీళ్ళలో చేపలు ఆయన ముక్కు ముందే ఎగిరెగిరి పడుతున్నాయి. తినడానికి లేదు. సంచీలోంచి లాలాజలం కారిపోతోంది.

తాబేలు తాత రెండోసారి మునిగాడు. ఈసారి తేలడానికి ఆలస్యమైంది. ముత్తెమ్మ కాలుగాలినట్టు అటూ ఇటూ తిరిగింది.

"ఉన్నాడు," అన్నాడు తాత. "ఒక కాలు లేదు. పాముచేప కొరికేసింది. మిగతా కాళ్ళతో రాయిని కరుచుకుని ఉన్నాడు. సభ నడుస్తోందా అని అడిగాడు."

నూకాలు మేక తల వంచుకుంది. మొదటి పున్నమికి తను ఎంత తొందరగా గెంతిందో గుర్తొచ్చిందేమో.

మీరలా బిక్కముఖాలు పెట్టకండర్రా. పీతలకి కాళ్ళు మళ్ళీ మొలుస్తాయి. వినండి.

పున్నమి పోటు కదా, అలలు పెద్దవై బుంగరాజు నిలబడ్డ తిన్నెని కొట్టసాగాయి. ఉత్త ఇసుక తిన్నె. అంచు జారింది. ఇంకో అంచు జారింది. ఏలికవారు నిలబడ్డచోటే మెల్లమెల్లగా కిందికి దిగుతున్నారు! జారిన ఇసుకలోంచి ఎండిన తీగ ఒకటి బయటపడింది. దానికి వాడిపోయిన ఊదాపువ్వు.

"అదేంటి! దిబ్బ మీది తీగ!" అని అరిచింది ముత్తెమ్మ. నోట్లో నాలుక లేని ముత్తెమ్మ!

అందరూ ముక్కున వేలేసుకున్నారు. మూడు నెలలుగా దాని ముందే నిలబడి చప్పట్లు కొట్టారు మరి.

పొద్దు వాలుతుండగా సముద్రం తగ్గింది. నీళ్ళలోంచి ముందు రెండు కళ్ళు వచ్చాయి. తర్వాత డొప్ప. తర్వాత ఏడు కాళ్ళు. సింహాద్రి గొంతులో నీళ్ళు ఉమ్మేసి, "ఊఁ. తర్వాతేంటండి? దిబ్బ ఎక్కడుందండి?" అన్నాడు.

"దిగు తమ్ముడూ, దిగిపో! మాకు తెలిసిపోయిందిలే!" అని ముత్తెమ్మ ఏడుస్తూ కేకేసింది.

"మీకు తెలిస్తే సరిపోదక్కా. ఆయన చెప్పాలి," అన్నాడు సింహాద్రి.

బుంగరాజు ఆకాశం వైపు చూశాడు. ఒడ్డున నిలబడ్డ మిగతా గూడకొంగలు, అంటే తన బావమరుదుల వైపు చూశాడు. వాళ్ళు ఎప్పుడో వేరే దిక్కు చూస్తున్నారు. చివరికి, పీలగొంతుతో అన్నాడు.

"నా కాళ్ళ కింద ఉంది."

"గట్టిగా అనండి, తాబేలు తాతకి వినపడాలి."

"నా కాళ్ళ కిందే ఉంది! నేనూ మా బావమరుదులూ సంచుల్లో మోసుకొచ్చాం. మాట్లాడేటప్పుడు కాళ్ళు తడవకూడదని."

"ఇంతేనా!" అంది నూకాలు. "ఈ మాత్రం దానికా మా చేత మూడు నెలలు ఉప్పునీళ్ళు తాగించారు? మీ కాళ్ళు తడవకూడదనా?"

అప్పుడు సింహాద్రి రాయి దిగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ దారి ఇచ్చారు. అతను ఒక పక్కకి ఒరిగి నడుచుకుంటూ తిన్నగా, అంటే అడ్డంగా, బుల్లి దగ్గరికి పోయాడు.

మర్నాటి నుంచి బుంగరాజుకీ బావమరుదులకీ ఒకటే పని. ముక్కు సంచీ నిండా ఇసుక నింపుకోవడం, దిబ్బ దగ్గర పొయ్యడం. నోటినిండా ఇసుకుంటే ఉపన్యాసం ఎలా వస్తుంది? ఆ దీవిలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. జనం కూడా ఊరికే కూర్చోలేదు. మేకలు కాళ్ళతో తోశాయి. పీతలన్నీ బొరియలు వదిలి వచ్చి తీగ మొక్కలు నాటాయి. చెలమ నీళ్ళు మారేదాకా ముత్తెమ్మ ఒక్కతే మంచుబొట్లు మోసే అవసరం కూడా లేకపోయింది. పొద్దున్నే పదిమందీ తలా ఒక ఆకు తెచ్చి గంప దగ్గర పెట్టి పోయేవాళ్ళు.

బుంగరాజుని తీసేశారా అంటారా? తియ్యలేదు. తిన్నెని మాత్రం తీసేశారు. ఇకమీదట ఏలేవాళ్ళు అడిగే రాయి పక్కనే, రాయంత ఎత్తులోనే నిలబడాలని కట్టుబాటు కలిపారు. నీళ్ళొస్తే ఇద్దరికీ వస్తాయి. ఆ తర్వాత బుంగరాజు జవాబులు ఎంత పొట్టిగా ఉండేవంటే, పాదం తడిసేలోపే అయిపోయేవి.

రెండు వానలు పడ్డాయి. చెలమలో పాత నీళ్ళు పోయి కొత్త నీళ్ళు ఊరాయి. ముత్తెమ్మ తన పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళింది. ఆరుగురు తిన్నగా పోయారు. వెనకాల కొంచెం దూరంలో సింహాద్రి, కొత్తగా మొలుస్తున్న చిట్టి కాలితో. అతని పక్కన, అతనితో సమానంగా అడ్డంగా అడుగులేస్తూ, బుల్లి.

చెలమ దగ్గర బుల్లి ముక్కు ముంచింది. తల పైకెత్తి గుటక వేసింది.

"ఎలా ఉన్నాయే?" అని అడిగాడు సింహాద్రి. అతనికి మంచినీళ్ళ రుచి తెలియదు కదా.

"తియ్యగా ఉన్నాయి మాఁవా," అంది బుల్లి.

నీతి: జవాబు వచ్చేదాకా ప్రశ్న మీద నుంచి దిగకూడదు. మన దాహం కానప్పుడు కూడా.